కాలు, వీసము, తూము: కంప్యూటరులో పాతలెక్కల గుర్తులు



1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు చెలామణిలోనికి రాకపూర్వము మన పల్లెలలో భిన్నములను నాలుగింటి లెక్కన వ్రాసెడివారు. కాలునకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముక్కాలునకు మూడు. కాలులో నాలుగవ పాలైన వీసమునకు అడ్డుగీత. ౨౹౼ అని యున్నచో రెండున్నూ కాలున్నూ వీసమున్నూ అని చదువవలెను.

ఆంధ్రప్రదేశమున 1984లో కరణముల పదవులు రద్దయినవి గాని, దస్త్రములు రద్దు కాలేదు. చెదలు తినగా మిగిలినవానిని నేటి యువకులు కంప్యూటరులో ఎక్కించుట మెచ్చదగిన పని. అయితే మీటలపలకమీద కాలుగుర్తు కానరాదు. కానరానందున కొందరు ఆంగ్లపు నిలువుగీతను, మరికొందరు ఏకముగా ఒకటి అంకెను కొట్టుచున్నారు. అంతట రెండుంబావు పుట్ల ధాన్యము ఇరువదియొక్క పుట్లగును. పదునెనిమిది ముప్పాతిక పుట్లు కాగితముమీదనే పండినవన్నమాట! ఆ పుటను చూపి రేపు ఎవరైనను వాటా అడిగినచో కాదనగల వారెవరు?

యంత్రము రూపమును చూడదు, సంఖ్యను చూచును. ప్రపంచలిపులకు సంఖ్యలు కేటాయించు యూనికోడ్ 2008 ఏప్రిల్‌లో వెలువడిన 5.1వ కూర్పున మన భిన్నములకును, తూముగుర్తునకును చోటిచ్చినది. కాలునకు 0సి79, వీసమునకు 0సి7సి, తూమునకు 0సి7ఎఫ్. ఇందలి సి, ఎఫ్‌లు ఆంగ్లాక్షరములు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పలకను ఆంగ్లమునకు మార్చి, ఈ నాలుగింటిని కొట్టి, ఆల్ట్ మీటను అదిమిపట్టి ఎక్స్ నొక్కినచో సంఖ్య పోయి గుర్తు నిలుచును. సంఖ్యలు గుర్తుండనివారు ఇన్సర్ట్ క్రింద సింబల్ అనుచోట తెలుగు విభాగమున వెదకుకొనవచ్చును. అది కొంత ఆలస్యపు దారి.

ఇందొక చిక్కున్నది. ముందు 2 అను అంకెను కొట్టి, దానిని ఆనుకొని 0సి79 కొట్టినచో యంత్రము అయిదింటిని కలిపి చదువును. కాలునకు బదులు చీనా అక్షరమొకటి ప్రత్యక్షము కావచ్చును. కావున చివరి నాలుగింటిని మాత్రమే ఎన్నుకొని ఆల్ట్, ఎక్స్ నొక్కవలెను.

గుర్తుండవలసినచోట డొల్లగడి కనబడినంతమాత్రమున తుడిచివేయరాదు. సంఖ్య లోపల భద్రముగానే యున్నది, ఆ ఫాంటులో రూపము లేదు, అంతే. ఫాంటు మార్చినచో కనబడును.

పుట ముగిసిన వెంటనే నాలుగు వీసములు కాలుగా, నాలుగు కాళ్లు ఒకటిగా కూడి, వచ్చిన మొత్తమును దస్త్రములోని మొత్తముతో సరిచూచి, అటుపిమ్మటనే పుట త్రిప్పవలెను.