తూర్పు రాజధానికి ప్రయాణము

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



జపాను రాజధానియగు టోక్యో నగరమును చూచి రావలెనని మన సంఘమునందలి కొన్ని కుటుంబములు సంకల్పించినవి. వారిలో వృద్ధులు గలరు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో మొదటిసారి విదేశమునకు బయలుదేరువారును గలరు. ఇట్టి ప్రయాణపు మంచిచెడ్డలు చాలవరకు టిక్కెట్టు కొనుటకు ముందే తేలిపోవును. కనుక నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది పేరు. తమిళనాటను కర్ణాటకమునను చదువుకొన్న మనవారిలో పలువురి బడి పత్రములందు ఇంటిపేరు జారిపోయి, తండ్రి పేరులోని మొదటి అక్షరము మాత్రమే నిలిచినది. పాసుపోర్టులో పొడి అక్షరములు చెల్లవు. వాటిని విడమరచి వ్రాయవలెను. అందుచేత ఒకే యింట అన్నకు తండ్రి పేరును, తమ్మునికి ఇంటిపేరును పాసుపోర్టులో చేరుట మనకు క్రొత్త గాదు. ఇందు తప్పేమియు లేదు. కాని టిక్కెట్టుమీదను, వీసామీదను పాసుపోర్టులోని పేరే, ఏ గడిలోనిది ఆ గడిలోనే, అక్షరము పొల్లుపోకుండ ఉండవలెను. తేడా యున్నచో విమానాశ్రయమునుండియే వెనుకకు మరలవలసి రావచ్చును.

జపానీయులును మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పుకొందురు. ఆంగ్లాక్షరములలో వ్రాయునపుడు మాత్రము చిరకాలము పాశ్చాత్యుల వరుసనే పాటించిరి. 2020 జనవరి 1 నుండి వారి ప్రభుత్వ పత్రములలో ఇంటిపేరునే ముందుంచుచున్నారు. ఇంటిపేర్లు మరుగుపడుచున్న మనబోటివారు గమనింపదగిన సంగతి యిది.

రెండవది దారి. బెంగుళూరునుండి నేరుగా పోవు విమానమునకు ఇంచుమించు 8, 9 గంటలు పట్టును. తిరుగు ప్రయాణమున ఎదురుగాలి వలన మరికొంత ఎక్కువ. నడుమ విమానము మారవలసినవారు ప్రయాణమంతటికిని ఒకే టిక్కెట్టు తీసికొనవలెను. విడివిడిగా కొన్నచో, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయిన యెడల నష్టము మనదే. నరిటా విమానాశ్రయము నగరమధ్యమునకు సుమారు 60 కిలోమీటర్ల దూరము. హనెడా నగరములోనే కలదు. పెద్దలతో రాత్రివేళ దిగువారు ఈ భేదమును మరువరాదు.

మూడవది ఆరోగ్యము. మందులను వైద్యుని చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. వైద్యుని చీటీపై ఇచ్చు సామాన్యమైన మందులను ఒక నెలకు సరిపడునంత వరకు తీసికొనిపోవచ్చును; అంతకు మించినచో జపాను ప్రభుత్వపు అనుమతి ముందుగా పొందవలెను. జలుబు మందులలో సూడోఎఫిడ్రిన్ 10 శాతమునకు మించినవి ఆ దేశమున నిషిద్ధములు. టోక్యో గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందుండును. ఇన్సులిన్ తీసికొనువారు వేళలను వైద్యునితో నిర్ణయించుకొనవలెను. విమానములో గంట, రెండు గంటలకొకసారి లేచి నాలుగడుగులు నడచుట కాళ్లకు మేలు.

నాలుగవది భోజనము. అక్కడ చూపునకు శాకముగా తోచు పులుసులోను చేపతో కాచిన రసము ఉండవచ్చును. నియమము గలవారు అటుకులు, పొడులు వెంట తీసికొనిపోవుట మంచిది. పచ్చి కరివేపాకును, తాజా పండ్లను తగిన ధ్రువపత్రము లేక ఆ దేశములోనికి రానీయరు.

ఇంతకష్టపడి చూడదగినది అచ్చట ఏమున్నదని అడుగవచ్చును. 1603లో తోకుగావా ఇయెయాసు షోగునై ఎడో నగరమునుండి పాలన సాగించెను. 1868లో ఆ ఎడోకే టోక్యో, అనగా తూర్పు రాజధాని, అను పేరు వచ్చినది. 1657 అగ్నిప్రమాదమున కోట బురుజు కాలిపోయి మరల కట్టబడలేదు. దాని రాతి పీఠము మాత్రము నేటికిని రాజప్రాసాదపు తూర్పు తోటలో నిలిచియున్నది. ఆ తోటకు సోమ, శుక్రవారములు సెలవు. 1923 భూకంపమును, 1945 బాంబుదాడులును నగరమును నేలమట్టము చేసినవి. 1945లో కాలిన అసకుసా సెన్సోజీ ప్రధానాలయమును 1958లో మరల కట్టిరి. ఇన్నిమారులు లేచి నిలిచిన ఊరిని పరుగుపరుగున చూడరాదు. దిగిన దినమున విశ్రాంతి, ఆపై దినమునకు ఒకటి రెండు చోట్లు చాలును.

బయలుదేరదలచినవారు టిక్కెట్టు కొనుటకు ముందు తమ పాసుపోర్టును, మందుల చీటీని సంఘ కార్యాలయమునకు తెచ్చినచో, కూర్చుండి అక్షరమక్షరము సరిచూచి పెట్టుదుము. క్షేమముగా వెళ్లి లాభముగా రండు.