పరవూరి జీతము – ఇంటి లెక్క

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి నూలు బేరములో దిగినవాడను. వైద్యమును గూర్చి మాటలాడు అర్హత నాకు లేదు. అయినను చిట్టా వ్రాయుట తెలిసినవాడను గనుక, మన ఆడపిల్లలు నర్సు పరీక్ష ప్యాసై పరవూళ్లకు ఉద్యోగములకు పోవునపుడు ఇంటివారు వేసికొనవలసిన లెక్కను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి.

వలస మనకు క్రొత్త కాదు. మధురలో విశ్వనాథ నాయకుని పాలన 1529లో ఆరంభమైన నాటి నుండి మన పూర్వులు కుటుంబములు కుటుంబములుగా ఈ సీమకు వచ్చిరి. నేల చూచి, నీరు చూచి, నల్లరేగడి కనబడినచోట బండ్లు విప్పిరి. తరువాతి కాలమున మనవారు మిల్లులే కాక ఆసుపత్రులును నిలిపిరి. కోయంబత్తూరులో కుప్పుస్వామి నాయుడుగారి స్మారక ఆసుపత్రి 1952లో వెలసినది. మధురలో డాక్టరు వెంకటస్వామిగారు 1976లో పదునొకండు పడకలతో అరవింద కంటి ఆసుపత్రి ప్రారంభించి, పల్లె పిల్లలకు శిక్షణ యిచ్చి పనిలో నిలిపిరి. ఇట్టి ఊళ్లలో పుట్టిన మన అమ్మాయిలు నేడు చెన్నపట్టణమునకు, బెంగుళూరికి, హైదరాబాదుకు, సముద్రము దాటి ఇంగ్లండుకును పోవుచున్నారు. పోవుట తప్పనను. కాని నియామకపు కాగితము మీది అంకె యొక్కటే చూచి పోవుచున్నారేమోయని నా సందేహము.

మేము మిల్లు ధర చూచి బేలు కొనము. బండి కూలి, తరుగు, వడ్డీ, గిడ్డంగి బాడుగ కలిపి, సరకు అంగడికి చేరుసరికి ఎంత పడినదో చూతుము. జీతమునకును ఈ లెక్కయే. ఒక ఉదాహరణము తీసికొందము. అంకెలు నేను వేసికొన్నవి, మీరు మీ అంకెలు వేసికొనుడు. ఇంటనుండి కోయంబత్తూరులో పనిచేయు అమ్మాయికి 20,000 రూపాయలు వచ్చుననుకొందము. ఇంటి ఖర్చునకు 5,000 ఇచ్చి, బస్సునకు వేయి పోగా 14,000 నిలుచును. అదే అమ్మాయికి బెంగుళూరిలో 30,000 ఇత్తురు. హాస్టలు పడకకు, భోజనమునకు 11,000, రాకపోకలకు 2,000, ఇంటికి వచ్చిపోవు ఛార్జీలు నెలకు సగటున 1,500, రాత్రి డ్యూటీ నాటి టిఫిను, టెలిఫోను, బట్టలు, చిల్లర మల్లర 2,500. మొత్తము 17,000. మిగిలినది 13,000. పదివేలు ఎక్కువ జీతమునకు పోయి నెలకు వేయి రూపాయలు పోగొట్టుకొన్నది! ఇందులో ఇంటి అద్దెకు కట్టు అడ్వాన్సును నేను చేర్చలేదు. తమిళనాడు చట్టము అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదన్నది. బెంగుళూరిలో పది నెలల అద్దె అడుగు ఇంటివారును కలరు.

ఊరికొక ఖర్చు ఉండునని ప్రభుత్వమే ఒప్పుకొనుచున్నది. ఏడవ వేతన సంఘపు పట్టికలో కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి నర్సింగు ఆఫీసరునకు మూల వేతనము 44,900. 2024 జనవరి నుండి పెంచిన రేట్ల ప్రకారము ఇంటి అద్దె భత్యము ఆ మూలము మీద చెన్నపట్టణమున 13,470; కోయంబత్తూరు, మధురలలో 8,980; చిన్న ఊళ్లలో 4,490. పెద్ద ఊరికి మారిన ఎంత అదనము రావలెనో ఇందులో ఒక కొలబద్ద దొరకుచున్నది. ప్రయివేటు ఆసుపత్రి వారిచ్చు అంకెను దీని ప్రక్కన పెట్టి చూడుడు.

అట్లని ప్రభుత్వోద్యోగమను పేరు వినగానే మురియరాదు. 2015లో తమిళనాడు ప్రభుత్వము వేలకొలది నర్సులను కాంట్రాక్టు పద్ధతిపై నెలకు 7,700 రూపాయలకు తీసికొన్నది. సొంత ఊరు విడిచి అద్దె గదిలో నుండవలసిన పిల్లకు ఆ 7,700లో ఏమి మిగులును? 2017 నవంబరులో వారు చెన్నపట్టణమున సమ్మె కూర్చొనవలసి వచ్చినది. జీతము తరువాత పెరిగినది. కాని పర్మనెంటా, కాంట్రాక్టా అను ప్రశ్న మొదట అడుగవలెనని ఆ పిల్లలు మనకు నేర్పిరి.

ఇచ్చట ఒక చేదు మాట. ఈ సభలో నర్సింగు హోములు నడపు పెద్దలును కలరు, వారు కోపగింపరాదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశముపై ఏర్పడిన సంఘము, ఏబది పడకలకు లోబడిన ఆసుపత్రులలో సైతము నర్సుకు నెలకు 20,000కు తక్కువ ఈయరాదని సిఫారసు చేసినది. రెండువందల పడకలు దాటినచో ప్రభుత్వ నర్సుతో సమానముగా ఈయవలెనన్నది. సిఫారసే గాని శాసనము కాదని మీరందురు. నిజమే. కాని మన ఊరి జీతము అర్థమైన జీతమైనచో సగము మంది పిల్లలు రైలెక్కరు. సర్టిఫికెట్లు తాకట్టు వలె బీరువాలో ఉంచుకొని పిల్లలను నిలుపుట వర్తక న్యాయము కూడ కాదు.

హైదరాబాదు విషయము వేరు. మన ఇంటి తెలుగు, అరవము కలిసినదే అయినను, రోగి మంచము దగ్గర పనికివచ్చును. కాని తమిళనాడు కౌన్సిలులో పేరు నమోదైనవారు అచ్చటినుండి నిరభ్యంతర పత్రము తెచ్చి తెలంగాణ కౌన్సిలులో తిరిగి నమోదు కావలెను. ఆ ఖర్చు, ఆ కాలము లెక్కలో వేయుడు.

విదేశపు జీతమును రూపాయలలోనికి మార్చి పొంగిపోవువారు పెక్కుమంది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రి నర్సుకు 2025–26లో ఆరంభ జీతము ఏడాదికి 31,049 పౌండ్లు. పన్ను, భీమా, పింఛను చందా పోగా నెలకు చేతికి వచ్చునది సుమారు రెండువేలు. రాబడి పౌండ్లలోనైనపుడు గది అద్దె, రొట్టె, వంట వాయువు అన్నియు పౌండ్లలోనే గదా! లండను నడిబొడ్డున నూటికి ఇరువది అదనముగా ఇత్తురనిన, అచ్చట బ్రతుకు అంత ప్రియమని అర్థము. అయినను పొదుపుగా నున్న పిల్లకు మిగులు తప్పక ఉండును. దానిని మ్రింగునది ఏజెంటు అప్పు. ఐదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు పదివేలు వడ్డీకే పోవును. మన దేశపు వలస నిబంధనలు ఏజెంటు రుసుమును పన్ను గాక 30,000 రూపాయలకు పరిమితము చేసినవి. చెన్నపట్టణములో తమిళనాడు ప్రభుత్వమువారి ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషను ఉన్నది. మొదట ఆ గడప తొక్కుడు.

మిగులు తక్కువైనను పోవలసిన సందర్భము ఒకటి కలదు. పెద్ద ఆసుపత్రిలో తీవ్ర చికిత్స విభాగమునందో, డయాలిసిసునందో రెండేండ్ల అనుభవము దొరకునట్లైన అది మూలధనము. దానిని నేను నష్టములో వ్రాయను. గడువు మాత్రము ముందే నిర్ణయించుకొనవలెను.

కడపట తండ్రులతో ఒక మాట. మగపిల్లవాడు పరవూరు పోయిన వానికి ఖర్చుండునని ఒప్పుకొందుము. ఆడపిల్ల పోయిన జీతమంతయు ఇంటికి రావలెనందుము. అన్న వ్యాపారమునకు, చెల్లెలి పెండ్లి బంగారమునకు ఆ పైకము ముందే పద్దు వ్రాసికొందుము. వచ్చిన మనియార్డరు చూతుము గాని, దానికై ఆమె ఏ పూట భోజనము మానినదో అడుగము. మిగిలినదానిలో సగమైనను ఆమె పేర బ్యాంకులో నిలువవలెను. ఈ షరతునకు ఇష్టపడని ఇంటివారు పిల్లను పంపకుండుటయే మేలని నా అభిప్రాయము.

పోయి వచ్చిన అమ్మాయిలు తమ ఒక నెల జమాఖర్చు కాగితము మీద వ్రాసి, పేరు లేకుండ, సంఘ కార్యాలయమున ఇచ్చినచో ఊరి వారీగా ఒక పుస్తకము కుట్టించి ఉంచెదము. పుస్తకము ఖర్చు నాది. నియామకపు కాగితము వచ్చినవారు సంతకము చేయక మునుపు ఆదివారము ఉదయము వచ్చి దానిని తిరుగవేసి చూడవచ్చును.