మార్లవాయిలో జనవరి 11



ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. ఏటా జనవరి 11న అక్కడ హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి జరుగుతుంది. నిజానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కన్నుమూసింది 1995 జూన్ 11న, లండన్‌లో. జనవరి 11 ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ పోయిన రోజు. గూడెం మాత్రం ఇద్దరినీ ఆమె రోజునే తలుచుకుంటుంది. అందుకే ఈ సభలో ఆ మానవశాస్త్రవేత్త పాండిత్యం కన్నా ఆయన కాపురం గురించే ఎక్కువ చెప్పాలి.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లాడారు. మరుసటి ఏడు ఇద్దరూ ఇండియాకు వచ్చేసరికి యుద్ధం మొదలైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటకూడదంది. పెళ్లయి నిండా రెండేళ్లు కాని జంటకు ఆ కట్టడే కొత్త సంసారమైంది.

ఆయన మొదట నల్లమల చెంచుల మధ్య, తర్వాత గోదావరి కొండరెడ్ల మధ్య పనిచేశారు. ఆ నడుమే 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమురం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. ఆ పని మీదే హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవికి వచ్చారు, బెట్టి వెంటే వచ్చింది. మార్లవాయిలో మట్టి గోడల మీద గడ్డి కప్పు వేసిన ఇల్లు కట్టుకున్నారు. ఆమె మానవశాస్త్రం చదువుకుని వచ్చిన మనిషి కాదు. భర్త పక్కన నడిచి, చూసి నేర్చుకుంది. చివరకు 1958 నుంచి దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచిని తన పేరుతోనే వెలువరించింది. ఆమెను ఆయన నీడగా చూసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి.

మార్లవాయి నుంచే పనులు కదిలాయి. దున్నుకుంటున్న భూములకు పట్టాలిప్పించే ప్రయత్నం మొదలైంది. 1943లో గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే బడి వెలిసింది, పిల్లలకు గోండిలోనే వాచకాలు వచ్చాయి. పరాయి భాషలో బెదిరిపోయే పిల్లకు సొంత మాట అచ్చులో కనిపించడం ఎంత ధైర్యమో, ఆ ప్రాంతంలో బడికెళ్లినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

తమకు పుట్టిన కొడుకును ఆ దంపతులు గోండులకు దూరంగా ఉంచలేదు. గోండులు ఆ పిల్లవాడికి లచ్చు పటేల్ అని పేరు పెట్టుకున్నారు. అది మార్లవాయి పటేల్ పేరు. తమ పెద్ద పేరును పరాయి బిడ్డకిచ్చి ముద్దుగా పిలుచుకోవడం మన ఊళ్లలో ఎలాంటివాళ్ల విషయంలో జరుగుతుందో మీకు తెలుసు.

లండన్‌లో ఆచార్యుడిగా ఉన్నా, నేపాల్ షెర్పాల మధ్య తిరిగినా, ఆయన ఆదిలాబాద్‌ను విడవలేదు. 1976లో ఉద్యోగ విరమణ తర్వాత మళ్లీ మళ్లీ వచ్చారు. పట్టాలు దక్కిన భూములు కూడా వలసొచ్చినవాళ్ల చేతుల్లోకి జారిపోవడం చూసి బాధపడ్డారు, 1982లో వచ్చిన పుస్తకంలో ఆ సంగతి దాచకుండా రాశారు. ఆ ప్రయాణాల్లోనూ బెట్టి తోడుంది.

1987లో ఆమె హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయికి తెచ్చి ఖననం చేశారు. ఆ తర్వాత ఆయన మరో 8 ఏళ్లు బతికారు. 2012లో ఆయన అస్థికలు మార్లవాయికి చేరాయి. గూడెం జనం మధ్య, బెట్టి సమాధి పక్కనే వాటిని ఉంచారు.