పాత తేదీని జరపకండి, పుట్టిన తేదీని చూడండి



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఇంజనీరును కాను. అందుచేత నేను చేసిన ఒక తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు చెప్పి కూర్చుంటాను.

2021 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 61 ఏళ్ళకు పెంచింది. సర్వీసులో ఉన్న మనవారిలో ఎవరు ఏ నెలలో రిటైరవుతారో చూసి, పెన్షన్ కాగితాలు ముందే సిద్ధం చేసుకోమని చెప్పడానికి నేనొక జాబితా ఉంచుకున్నాను. ఒక్కొక్కరిదీ మార్చడమెందుకని, విరమణ తేదీలన్నిటికీ ఒకేసారి మూడేళ్ళు కలిపాను. రెండు నిమిషాల్లో పని ముగిసింది. కాస్త గర్వపడ్డాను కూడా.

కొన్నాళ్ళకు కోరుట్ల నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "సార్, మీ లిస్టులో నాది మార్చి 1 అని ఉంది. ఒకటో తారీఖున రిటైరయ్యేవాడు ఎక్కడైనా ఉన్నాడా?" అన్నాడు.

నిజమే. మనం దిగేది నెలాఖరున. ఆయన పుట్టింది 1966 ఫిబ్రవరిలో. 58 ఏళ్ళ లెక్కన 2024 ఫిబ్రవరి 29. దానికి మూడేళ్ళు కలిపితే 2027లో 29వ తేదీ లేదు. యంత్రం మార్చి 1కి జరిపింది. ఉండవలసింది ఫిబ్రవరి 28.

ఇంకా వెతికితే మరొకటి దొరికింది. 1967 ఫిబ్రవరిలో పుట్టినవారికి 2028 ఫిబ్రవరి 28 అని వచ్చింది. అది లీపు సంవత్సరం, 29 రావాలి. తప్పుగా కనిపించిన తేదీని ఆ తమ్ముడు పట్టుకున్నాడు. ఒప్పులా కనిపించే తప్పును ఎవరు పట్టుకుంటారు?

ఒక్క రోజే కదా అనకండి. మన జాబితా చూసి ఫారాలు నింపేవారున్నారు. తేదీ సర్వీసు రిజిస్టరుతో కలవకపోతే కాగితం వెనక్కి వస్తుంది. కాగితం వెనక్కి వస్తే ఆ ఇంట్లో ఆ నెల ఎట్లా గడుస్తుందో మీకు నేను చెప్పాలా?

అప్పుడు 1983 గుర్తుకొచ్చింది. ఆ ఫిబ్రవరిలో విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించారు. తరువాత మళ్ళీ 58 చేశారు. రెండుసార్లూ మా పెద్ద గుమాస్తా పాత జాబితాను ముట్టనివ్వలేదు. "సర్వీసు రిజిస్టరు తెరువు, పుట్టిన తేదీ నుంచి లెక్క వెయ్యి" అనేవారు. ఆ మాట నేను మరిచాను.

ఇప్పుడు అట్లాగే చేశాను. పుట్టిన తేదీలోంచి ఒక రోజు తీసి, 61 ఏళ్ళు కలిపి, ఆ నెల చివరి రోజు తీసుకోమన్నాను. ఒక రోజు ఎందుకు తీయాలంటే, ఒకటో తారీఖున పుట్టినవారు ముందు నెలాఖరునే దిగాలి. బడిలో పంతులుగారు జూలై 1 అని రాసినవారు మనలో ఎంతమందో! వారందరికీ జూన్ 30 సరిగ్గా వచ్చింది.

సిరిసిల్లలో సాంచాలు నడిపేవారికి ఇది తెలిసిందే. పోగు తప్పుగా ఎక్కితే, సాంచా ఎంత వేగంగా నడిస్తే అంత పొడవునా తప్పే నేస్తుంది. కాబట్టి మొత్తం మార్చేముందు పాత జాబితాకు నకలు ఉంచండి. ముందు పది పేర్లతో చూడండి. ఆ పదిలో ఫిబ్రవరివారు, ఒకటో తారీఖువారు తప్పక ఉండాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఇంకా ఉద్యోగంలో ఉంటే, ఇవాళ ఇంటికి వెళ్ళగానే వారి తేదీ ఒకసారి లెక్క వేయండి. సెలవు.