నురగ వస్తే మంచినీళ్ళేనా? | మా ఊరి ఉప్పు నీళ్ళ ఎపిసోడ్

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. కెమెరాకి దగ్గరగా పెడతా. గుర్తుపట్టారా? మా అమ్మ వాడే హీటర్ రాడ్. కొని ఏడాది కూడా కాలేదు. దీనికి పట్టిన తెల్ల పెంకు గోటితో గీకితే గోరే విరుగుతుంది. నేను హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకుంటున్న నాలుగేళ్ళూ అమ్మ ఫోన్ చేసి "రాడ్ మళ్ళీ కాలిపోయింది నాన్నా" అనేది. చీప్‌ది కొంటున్నామేమో అనుకుని ప్రతిసారీ కాస్త రేటెక్కువది ఆర్డర్ పెట్టేవాడిని. తప్పు రాడ్‌ది కాదని నాకు చాలా లేటుగా తెలిసింది.

మాది కనిగిరి. ఉమ్మడి ప్రకాశం జిల్లా, పడమటి వైపు. మా ఇంటి కుళాయిలో ఎక్కువ రోజులు వచ్చేది బోరు నీళ్ళే. మా వైపు ఉప్పు నీళ్ళు అంటారు, సైన్స్ పుస్తకంలో కఠిన జలం అని ఉంటుంది. వాన నీళ్ళు భూమిలోకి ఇంకేటప్పుడు మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారతాయి. ఆ నీళ్ళు రాళ్ళలోంచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటూ పోతాయి. మనం బోరు వేసి పైకి తెచ్చి వేడి చేయగానే అందులో కొంత కాల్షియం కార్బోనేట్‌గా విడిపోయి, వేడిగా ఉన్న చోటే అతుక్కుంటుంది. కాల్షియం కార్బోనేట్ అంటే సున్నపురాయే. అంటే ఈ రాడ్ రాతి చొక్కా తొడుక్కుంది అన్నమాట. వేడి నీళ్ళలోకి సరిగ్గా పోక లోపలే ఉండిపోతుంది, ఒక రోజు కాయిల్ టప్పుమంటుంది.

సరే, ఉద్యోగం మానేసినా ఇంజనీర్ బుద్ధి పోదు కదా, లెక్క వేశాను. ల్యాబ్‌లో మా కుళాయి నీళ్ళ కాఠిన్యం లీటరుకి 540 మిల్లీగ్రాములు వచ్చింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా ఓకే, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పర్లేదు. మాకు వేరే దిక్కు లేదు కాబట్టి మేం పాస్! లెక్క ఈజీగా ఉండటానికి 500 అనుకుందాం. అంటే లీటరుకి అర గ్రాము. ఇంట్లో రోజుకి 500 లీటర్లు వాడితే పావు కిలో. ఏడాదికి 90 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలు ఉంటుంది. దాదాపు రెండు బస్తాల సరుకు ప్రతి ఏడాదీ మా పైపుల్లోంచి పోతోంది. అంతా పేరుకోదు, చాలావరకు డ్రైనేజీలోకే వెళ్ళిపోతుంది. మిగిలింది చాలు, షవర్ బొక్కలు మూసుకుపోవడానికి, స్టీలు బిందెలకి తెల్ల మచ్చలు పట్టడానికి.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, మీ అందరికీ రీల్స్‌లో ఒక యాడ్ వస్తుంటుంది. కుళాయికి బిగించే చిన్న ఫిల్టర్, జుట్టు రాలదు, చర్మం మెరుస్తుంది అని. నేనూ కొన్నాను, ఒప్పుకుంటున్నా. కాఠిన్యం తీయాలంటే లోపల రెజిన్ ఉండాలి. అది కాల్షియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. 100 మిల్లీలీటర్ల రెజిన్, అదీ మంచి రకం, మహా అయితే 10 గ్రాముల కాఠిన్యం పట్టుకోగలదు. మా నీళ్ళలో లీటరుకి అర గ్రాము. అంటే 20 లీటర్లు. ఒక్క బకెట్! తర్వాత దాన్ని ఉప్పు నీళ్ళతో కడిగి మళ్ళీ రెడీ చేయాలి. పెద్ద సాఫ్ట్‌నర్ ట్యాంకులు పనిచేసేది అందుకే, వాటిలో బోలెడంత రెజిన్ ఉంటుంది, ఉప్పుతో కడిగే ఏర్పాటూ ఉంటుంది. నెలల తరబడి పనిచేస్తుందని అమ్మే ఆ బుల్లి డబ్బా క్లోరిన్ వాసన తగ్గిస్తే తగ్గించొచ్చు, సున్నం మాత్రం తీయలేదు.

జుట్టు సంగతి కూడా చెప్పేస్తా, లేకపోతే కామెంట్లలో వదలరు. ఈ నీళ్ళలో సబ్బు నురగ రాకుండా జిడ్డులాంటి తెట్టుగా మారుతుంది. అది పట్టి జుట్టు బిరుసుగా అవుతుంది, నిజమే. కానీ కుదుళ్ళతో సహా ఊడిపోవడానికి నీళ్ళే కారణం అని గట్టిగా చెప్పే ఆధారం నాకు కనిపించలేదు. ఇంగ్లండ్‌లో తామర ఉన్న 336 మంది పిల్లల మీద ఒక ట్రయల్ చేశారు, 2011లో వచ్చింది. కొందరి ఇళ్ళలో సాఫ్ట్‌నర్లు పెట్టి మరీ చూశారు. తామర విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యాడ్ వాళ్ళు ఇది చెప్పరు కదా.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఎపిసోడ్ దీని కోసమే చేస్తున్నా.

మా కుళాయి నీళ్ళలో కందిపప్పు ఉడకదు. ఎన్ని విజిల్స్ వేసినా పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పు గింజల్లో పెక్టిన్ అని ఉంటుంది, కాల్షియం దాన్ని బిగించేస్తుంది, గింజ మెత్తబడదు. మా వీధి చివర అత్తయ్య వాళ్ళ బోరు నీళ్ళు మాత్రం సూపర్. పప్పు వెన్నలా ఉడుకుతుంది, సబ్బు బుసబుసా నురగ వస్తుంది, గిన్నెకి తెల్ల మరక పడదు. వీధంతా అక్కడికే బిందెలు మోసేవాళ్ళు. వంటకీ తాగడానికీ అవే. మా అమ్మ కూడా రెండేళ్ళు అవే మోసింది. "ఉప్పు లేని నీళ్ళు రా, అమృతం" అనేది.

నేను ఊరొచ్చాక రెండు శాంపిళ్ళూ ల్యాబ్‌కి ఇచ్చాను. మా కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ హద్దులోనే ఉంది. అమృతంలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటింది. హద్దు 1, ఎంత సర్దుకున్నా 1.5.

షాక్ అయ్యాను. కానీ కెమిస్ట్రీ చూస్తే వింతేం లేదు. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే నీళ్ళలో సరిగ్గా కరగని పదార్థం అవుతుంది. కాబట్టి నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ ఎక్కువగా నిలబడలేదు. కాల్షియం తక్కువుండి సోడియం, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్ళలో, మా ప్రాంతం లాంటి రాతి నేలల్లో, ఫ్లోరైడ్ హాయిగా పెరుగుతుంది. ప్రతి బోరుకీ ఇలాగే అవుతుందని కాదు, రెండూ ఎక్కువున్న నీళ్ళూ ఉంటాయి. కానీ నురగ చూసి, పప్పు చూసి తాగే నీళ్ళు ఎంచుకుంటే మోసపోయే ఛాన్స్ ఉంది. మనల్ని భయపెట్టే తెల్ల మరక ఎక్కువగా నష్టం చేసేది రాడ్‌కీ, జీజర్‌కీ, పర్సుకీ. ఫ్లోరైడ్‌కి మరక లేదు, రుచి లేదు, వాసన లేదు. పళ్ళ మీద గోధుమ రంగు గార వచ్చాకో, ఏళ్ళ తర్వాత కీళ్ళు బిగుసుకుపోయాకో తెలుస్తుంది. పిల్లల పళ్ళు లోపల తయారయ్యే వయసులోనే దెబ్బ పడుతుంది, తర్వాత ఏం మార్చినా ఆ గార పోదు.

ఇది కొత్త కథ కూడా కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట రిపోర్ట్ చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. మా కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోదే. దాదాపు 90 ఏళ్ళ తర్వాత కూడా మా వీధి నురగ చూసే నీళ్ళు ఎంచుకుంటోంది. బీటెక్ చదివిన నేను కూడా అంతే.

"మా దగ్గర టీడీఎస్ మీటర్ ఉంది బ్రో" అనకండి. ఆ మీటర్ చూసేది నీళ్ళలో కరెంటు ఎంత బాగా పోతోందో, దాన్నిబట్టి మొత్తం లవణాలు ఎంతో ఒక అంచనా. వెయ్యిలో రెండు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దానికి కనపడదు. మరిగిస్తే పోతుందా? పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ చాలావరకు తీసేస్తుంది. కాకపోతే ఇంట్లో పెట్టుకునే ఆర్‌ఓలు లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తాయి. వాటిని బకెట్‌లో పట్టి బాత్రూమ్‌కి వాడండి. జీజర్‌లో మాత్రం పోయకండి, వాటిలో సున్నం ఇంకా ఎక్కువ.

మరి ఏం చేయాలి? మీ బోరు నీళ్ళు ఒక్కసారి టెస్ట్ చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకి జిల్లాల్లో ల్యాబులు ఉన్నాయి, మామూలు జనం కూడా శాంపిల్ ఇవ్వొచ్చు. కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఈ మూడూ విడివిడిగా రాయించుకోండి. "నీళ్ళు బాగున్నాయి" అని నోటిమాట తీసుకుని వచ్చేయకండి.

రాడ్ సంగతి చిన్నది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు స్పూన్లు మగ్గు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, ప్లగ్ తీసేసి రాడ్‌ని గంట నానబెట్టండి. బుడగలొచ్చి పెంకు ఊడుతుంది. టాయిలెట్ యాసిడ్ వాడకండి, లోహం తినేస్తుంది. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే విషపు గ్యాస్ వస్తుంది, ప్లీజ్, జోక్ కాదు. జీజర్ ఉంటే 50 డిగ్రీల దగ్గర పెట్టండి, వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువ పడుతుంది. బట్టలకి కొంచెం వాషింగ్ సోడా ముందుగా కలిపితే సర్ఫ్ తక్కువ పడుతుంది.

అత్తయ్యకి రిపోర్ట్ చూపిస్తే మొదట కోపమొచ్చింది. "పదేళ్ళ నుంచి తాగుతున్నాం, మాకేమైంది?" అంది. ఆమె మోకాళ్ళ నొప్పులకీ నీళ్ళకీ లింకు ఉందో లేదో చెప్పాల్సింది డాక్టర్, నేను కాదు, అందుకే ఆ మాట ఎత్తలేదు. మనవడికి ఇంకా పాలపళ్ళే అని మాత్రం గుర్తుచేశాను. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. మర్నాటి నుంచి వాళ్ళింట్లో తాగడానికి ఆర్‌ఓ క్యాన్ వస్తోంది.

పప్పుకి మాత్రం ఆ బోరు నీళ్ళే కావాలని మా అమ్మ పట్టు. వంట నీళ్ళూ కడుపులోకే పోతాయి కదమ్మా అంటే, "క్యాన్ నీళ్ళతో వండితే నెలకి ఎంతవుతుందో లెక్క వెయ్యి, లెక్కలు బాగా వేస్తావుగా" అంటోంది. ఈ వారం ఆ లెక్క వేస్తున్నా. మీ ఇంట్లో వంటకి ఏ నీళ్ళు వాడతారో కామెంట్‌లో రాయండి. ఉంటా మరి, బై.