అంగారకుడి మీద మొరాయించిన చక్రం

భూమి నుంచి పంపిన సంకేతం అంగారకుడిని చేరడానికి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఎదురుగా బండరాయి ఉందని ఇక్కడ తెలిసేసరికి అక్కడి రోవర్ దాన్ని గుద్దుకోనూ వచ్చు. అందుకే ఇంజనీర్లు చేయాల్సిన పనుల పట్టీని ముందే పంపిస్తారు. దారిలో రాళ్లూ గోతులూ చూసుకోవడం రోవర్ కెమెరాల వంతు.

నాసా పంపిన స్పిరిట్ రోవర్ 2004 జనవరిలో గుసెవ్ బిలంలో దిగింది. 90 అంగారక దినాలు పనిచేస్తే చాలనుకున్నారు. 2006లో దాని కుడి ముందు చక్రం మొరాయించింది. ఇక చేసేదేముంది? బండిని వెనక్కి నడుపుతూ, తిరగని చక్రాన్ని నాగలిలా ఈడ్చుకుపోయారు. 2007లో ఆ చాలులో తెల్లటి మట్టి తేలింది. పరీక్షిస్తే దాదాపు 90 శాతం సిలికా! వేడినీటి బుగ్గలో, అగ్నిపర్వతపు ఆవిరులో ఒకప్పుడు అక్కడ ఉండి ఉండాలి. చక్రం బాగుంటే ఆ మట్టి బయటపడేదా అన్నది నాకు అనుమానమే.

అదే 2006లో మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ అనే నౌక అంగారకుడి కక్ష్యలోకి చేరింది. సుమారు 300 కిలోమీటర్ల ఎత్తు నుంచి దాని హైరైజ్ కెమెరా భోజనాల బల్లంత రాతిని గుర్తుపడుతుంది. రోవర్లు దిగే చోటు ఎంచడానికి ఆ చిత్రాలు తోడ్పడతాయి. అయితే దుమ్ము కింద ఏముందో ఆ కెమెరాకు కనబడదు. దానికి నేల మీద తిరిగే బండి ఉండాల్సిందే.

స్పిరిట్ 2009లో మెత్తటి ఇసుకలో కూరుకుపోయింది. దాని చివరి సంకేతం 2010 మార్చిలో అందింది.