ప్రధానోపాధ్యాయునికి గురువెవరు?

పాఠము చెప్పుటకు శిక్షణ కావలెనని అందరును ఒప్పుకొందురు. బడిని నడపుటకు మాత్రము అనుభవమే చాలునని అనుకొందుము. మన తెలుగు ప్రాంతములలో ఇరువది యేండ్లు లెక్కలు చెప్పిన స్కూలు అసిస్టెంటు సీనియారిటీ వచ్చిననాడు ప్రధానోపాధ్యాయుడగును. మరునాటి నుండి హాజరు పట్టీలు, మధ్యాహ్న భోజనము, మరుగుదొడ్లు, ఉపాధ్యాయుల తగవులు అన్నియు ఆయన మీద పడును. ఆయన తనంతట తాను పని నేర్చుకొను లోపల, ఆరవ తరగతిలో చేరిన పిల్లలు పది ముగించి వెళ్ళిపోవుదురు. వారికా ఐదేండ్లు మరల రావు.

ఈ చిక్కును లండను నగరము ఎదుర్కొన్న తీరును మేము ముచ్చటింపదలచితిమి. 2003 నాటికి అచ్చటి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఫలితములు ఇంగ్లండు సగటుకన్న తక్కువగా ఉండెను. ఆ యేట ప్రభుత్వము ‘లండన్ ఛాలెంజ్’ అను కార్యక్రమమును ఆరంభించి, హాక్నీ, హారింగే, ఇస్లింగ్టన్, లాంబెత్, సదర్క్ అను ఐదు నగర విభాగములపై ప్రత్యేక శ్రద్ధ చూపెను. పూర్వము బర్మింగ్‌హామ్ నగర విద్యాధికారిగా నున్న టిమ్ బ్రిగ్‌హౌస్ దీనికి ప్రధాన సలహాదారు. మిక్కిలి వెనుకబడిన బడులకు ‘విఫలములు’ అను ముద్ర వేయక, ‘విజయమునకు తాళపు చెవులు’ అని పేరు పెట్టిరి. పేరులో ఏమున్నదని కొందరనవచ్చును. తనిఖీ నివేదికలో తన బడిని గూర్చి చదివి తలవంచుకొన్న ప్రధానోపాధ్యాయుని అడిగిన తెలియును.

ఇట్టి ప్రతి బడికిని ఒక సలహాదారు వచ్చెడివారు. వారిలో పలువురు బడులు నడిపినవారే. ఏది కొఱతయో బడివారితో కూర్చుండి తేల్చి, తగిన సాయము తెచ్చుట వారి పని. అన్నిటికన్న మాకు నచ్చినది జత కూర్చుట. కష్టమైన బడిని నిలబెట్టిన ప్రధానోపాధ్యాయుడు మఱియొక బడి పెద్దకు తోడుగా వెళ్ళెడివాడు; ఉపాధ్యాయులు మంచి బడులకు పోయి, తరగతులలో కూర్చుండి చూచి నేర్చుకొనెడివారు. సాయము చేయవచ్చిన బడులును బాగుపడినవి! 2006 నుండి ఇంగ్లండు అంతట ఇట్టి పెద్దలను ‘జాతీయ విద్యానాయకులు’గా గుర్తించుచు వచ్చిరి. నాయకుడొక్కడే కాదు, ఆయన బడి సిబ్బందియు తోడ్పడవలెను.

ఉదయము గేటువద్ద నిలిచి పిల్లలను పేరుపెట్టి పలుకరించుట, వెనుక బల్లపై కూర్చుండి పాఠము విని, సాయంకాలము ఆ ఉపాధ్యాయునితో నొప్పింపక నిజము చెప్పుట — ఇవి ఉపన్యాసము విన్నంతనే అబ్బునవా? చేయువాని ప్రక్కన నిలువవలెను. ఇంగ్లండులో తొలిసారి ప్రధానోపాధ్యాయులగువారికి 2009లో అర్హతాపత్రమును తప్పనిసరి చేసి, 2012లో ఆ నిర్బంధమును తొలగించిరి. పత్రము వ్యర్థమని మేమనము; అది వాకిలి వఱకే తీసికొనిపోవును.

2010లో తనిఖీ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారము లండను ఉన్నత పాఠశాలలు దేశపు సగటును మించినవి. కీర్తి యంతయు ఈ కార్యక్రమమునకే కట్టబెట్టుట న్యాయము కాదు. 2014లో వెలువడిన పరిశోధనలలో ఒకటి ప్రాథమిక పాఠశాలలలో అంతకు ముందే కలిగిన అభివృద్ధిని, మఱియొకటి వలస కుటుంబముల పిల్లల ప్రతిభను కారణములుగా చూపినవి. రెండింటను సత్యము కలదని మా తలంపు. అయినను లండనుకు ఎనిమిదేండ్ల వ్యవధి దొరకెను. మాంచెస్టరు, బ్లాక్ కంట్రీ ప్రాంతములలో ఇదే పని 2008లో మొదలిడి, 2011లో లండనుతో పాటే ముగించిరి. అనగా, అచ్చట ఆరవ తరగతిలో చేరిన పిల్లలు పదవ తరగతికైనను రాకమునుపే.